ఏసీ పోయిన లారీ, మా కాపురం

పెళ్లయి చాలా ఏళ్లయినా మాకు పిల్లలు కలగలేదు. హౌరా దగ్గర సంత్రాగాఛిలోని అద్దె గదిలో నన్నొక్కదాన్నే వదిలి వెళ్లడం ఇష్టం లేక, మా ఆయన నన్ను కూడా లారీ ఎక్కించుకున్నాడు. బడ్జ్ బడ్జ్ జనపనార మిల్లుల్లో గోనెసంచుల లోడు వేసుకుని విజయనగరం వైపు దింపేవాళ్లం. తిరుగు లోడు దొరికితే దాంతో వచ్చేవాళ్లం. సీటు వెనకున్న పరుపే మా మంచం. దారిలోని హోటళ్లవాళ్లు మొదట వింతగా చూసేవాళ్లు, తర్వాత నన్ను ‘బౌది’ అని, అంటే వదినా అని పిలవడం మొదలుపెట్టారు.

ఒక వేసవిలో ఆయన వడదెబ్బ తగిలి ఆసుపత్రిలో పడ్డాడు. మళ్లీ అంత వేడి సోకితే గుండె తట్టుకోదని డాక్టరు చెప్పాడు. అందుకే ఉన్న లారీ అమ్మి, ఏసీ క్యాబిన్ ఉన్న సెకండ్ హ్యాండ్ లారీ కొన్నాం. చూసినవాళ్లు మాది షోకు అనుకున్నారు.

కిందటేడు ఎండలు ముదురుతుండగా ఆ ఏసీ చల్లదనం ఇవ్వడం మానేసింది. గ్యాస్ అయిపోయిందేమోనని పట్టించాం. రెండు ట్రిప్పులు బాగానే నడిచి మళ్లీ వేడిగాలి కొట్టింది. బడ్జ్ బడ్జ్ రోడ్డులోని షెడ్డుకు తీసుకెళ్తే, అక్కడి ఎలక్ట్రీషియన్ బ్యాటరీ నుంచి కంప్రెసర్‌కు నేరుగా ఒక వైరు కలిపి చూశాడు. వెంటనే చల్లగాలి వచ్చింది. మా ఆయన ఆ గాలికి ముఖం ఆనించి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

అలా కలిపి వదిలేస్తే వైరు వేడెక్కి నిప్పంటుకుంటుందని ఎలక్ట్రీషియన్ దాన్ని తీసేశాడు. మిషన్ మంచిదేననీ, దానికి కరెంటు అందడం లేదనీ చెప్పాడు. కంప్రెసర్‌కు కరెంటు కలిపే రిలే మార్చాడు. ఫ్యూజు మార్చిన ప్రతిసారీ కాలిపోయింది. చివరికి డాష్‌బోర్డు ఊడదీశారు. నేను టార్చి పట్టుకుని నిలబడ్డాను. ముందు అద్దం రబ్బరు చీలిన చోటు నుంచి వానల్లో కారిన నీళ్లు వైర్ల కట్ట మీదే పడుతూ వచ్చాయట. అతుకులు కుళ్లి, వైర్లు ఒకదానికొకటి కరిగి అంటుకుపోయాయి. చెయ్యి తగిలితే పై తొడుగు పొడిపొడిగా రాలింది. హెడ్‌లైట్లూ మీటరూ కూడా ఆగిపోయాయి. మొత్తం వైరింగు, దాన్ని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె రెండూ కొత్తవి వెయ్యాలన్నాడు. ఆ ఖర్చుకు ఇంకో పాత లారీ వచ్చేస్తుంది. అంత డబ్బు మా దగ్గర లేదు.

లైట్లు వెలిగేంత మటుకు వైర్లు అతికించుకుని, ఏసీ లేకుండానే ఒక లోడు ఎత్తాం. బాలాసోర్ దాటాక మధ్యాహ్నం ఆయన ఉన్నట్టుండి లారీ పక్కకు ఆపాడు. అంత ఎండలో ఒంటి మీద చుక్క చెమట లేదు. నేను చెట్టు నీడకు నడిపించి, తల మీద నీళ్లు పోస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి కళ్లు తెరిచి, “లారీ ఒగ్గేద్దారే. ఇంక నాను తోల్లేను,” అన్నాడు.

“తెల్లారగట్ల తోలుదువు. ఎండెక్కితే ఆపేద్దుం,” అన్నాను.

“లోడు మన కోసం ఆగుతాదేటి? నానిక్కడ పోతే, ఈ రోడ్డు మీద నువ్వొక్కదానివి ఏటి సేత్తావు?”

చల్లబడ్డాక రాత్రిపూటే తోలి, లోడు దింపి వచ్చి, లారీని అమ్మకానికి పెట్టాం.

లారీని కొనడానికి తుక్కు వ్యాపారి తప్ప ఎవరూ రాలేదు. హౌరాలో అతని యార్డు దాకా తనే తోలుకొస్తానని మా ఆయన అన్నాడు. పొద్దున్నే బయల్దేరాం. యార్డు చేరాక నేను గిన్నెలు, స్టౌ, బట్టలు దింపుకున్నాను. పరుపు గదిలో పట్టదని వదిలేశాం. మేమింకా అక్కడ ఉండగానే యార్డువాళ్లు తలుపులు విప్పడం మొదలుపెట్టారు. వెళ్దాం రమ్మన్నాను. ఆయన కదల్లేదు. మా పరుపును బయటికి లాగి మట్టిలో పడేసేదాకా చూస్తూ నిలబడ్డాడు.

ఇప్పుడాయన భవానీపూర్‌లో ఒక దుకాణం దగ్గర కాపలా ఉంటున్నాడు. పొద్దున బస్సెక్కి ఒక్కడే వెళ్తాడు, సాయంత్రం ఒక్కడే వస్తాడు. రైల్లో విజయనగరం వెళ్లొద్దామని ఒకసారి అడిగితే వద్దన్నాడు. నేను అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంటాను. లారీలో ఇద్దరం రోడ్డు చూస్తూ ఎంతసేపైనా మాట్లాడుకునేవాళ్లం. ఇలా ఒకరి ముఖం ఒకరు చూస్తూ కూర్చుంటే మాకు మాటలు రావడం లేదు.