వాసన పోయిన మొక్కజొన్న

గనులు మూతపడ్డాక మా కూలీ లైన్ ఇళ్ళలోని మగవాళ్ళు చాలామంది తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయి, వాచ్‌మన్ పనులు చేసుకుని చీకటిపడ్డాక ఇల్లు చేరేవాళ్ళు. మా ఆయన మాత్రం పోనన్నాడు.

"ఇన్నేండ్లూ భూమి కింద చీకట్లోనే గడిచిపాయ. ఇంగ మిగిలిన వెలుతురు రైల్లో పోగొట్టుకునేదా?" అని ఇంటి వెనక దొడ్డి కట్టి పందులు పెంచసాగాడు.

మొదటి ఈతలో పుట్టిన మగ పందిపిల్లల్ని అమ్మేసి, నాలుగు ఆడపిల్లల్ని ఉంచుకున్నాడు. అవి పెరిగి ఈనితే ఆయన రైలెక్కక్కర్లేదు. నా ప్రార్థనలో మా బిడ్డల తర్వాత ఆ నాలుగూ ఉండేవి. నేను బడి ముఖం చూడలేదు, అమ్మ ఒడిలో బైబిలు పెట్టుకుని అక్షరాలు నేర్చినదాన్ని. పందుల కోసం ప్రార్థించవచ్చునా అని ఎవరినీ అడగలేదు. అడిగితే ఏమంటారో తెలుసు.

ఆ ఏడు వానలకు బైరకూరులో తెలిసిన రైతు మొక్కజొన్న తడిసిపోయింది. పందులకు పనికొస్తే తీసుకుపొమ్మన్నాడట. మూటలు దిగగానే స్తోత్రం చెప్పుకున్నాను. విప్పి చూస్తే గింజల మీద గులాబి రంగు బూజు, ముక్కు పగిలే కంపు.

"ఇది పెట్టొచ్చునా?" అన్నాను.

"లోపల బ్లాస్టింగ్ అయినాక ఏం చేస్తాం మే? పొగ పోయేదాకా కూసుంటాం. వాసన పోయిందంటే విషం పోయినట్టే, మళ్ళీ దిగుతాం. ఈ ముక్కే కదా నన్ను బతికించింది."

నిజంగానే ఆ ముక్కు ఆయన్ని ప్రతి షిఫ్టు నుంచీ ఇంటికి తెచ్చింది. టార్పాలిన్ పరిచి గింజలు ఎండబోశాడు. రోజూ గుప్పెడు తీసి మూచూసేవాడు. కంపు పూర్తిగా పోయాకనే పిండి పట్టించి, ఉడకబెట్టి పెట్టాడు.

కొన్నాళ్ళకు ఆడ పందిపిల్లల వెనకభాగం ఎర్రగా వాచింది, ఎదకొచ్చినట్టు. పక్కింటి అక్క చూసి పకపకా నవ్వింది. "ఏమప్పా, పాలు మరిచినాయో లేదో, అప్పుడే పెండ్లికి తయారైనాయే! పందిరి ఎప్పుడేస్తావు?"

ఆయనా నవ్వాడు. నాకూ సంతోషమే అయింది, తొందరగా తల్లులవుతాయని. తర్వాత వాటిలో ఒకటి ముక్కీ ముక్కీ పేగు బయటపడి చచ్చిపోయింది. అప్పుడు పరుగెత్తి పశువుల డాక్టరును పిలుచుకొచ్చాడు.

డాక్టరు పందిపిల్లల్ని చూసి, మేత తొట్టి చూసి, మూటలో అడుగున మిగిలిన గింజలు చూశాడు. "బూజు చచ్చినా అది గింజలో వదిలిన విషం చావదప్పా. ఎండకీ పోదు, ఉడుక్కీ పోదు. దానికి వాసనే ఉండదు."

"వాసనే లేదా సార్?"

"లేదు. పంది కార్జం ఉండాదే, విషాన్ని విరిచి బయటికి తోసే బదులు, దీన్ని ఇంకా గట్టిగా మారుస్తాది. ఒంట్లో అది ఎద తెప్పించే రసం మాదిరి పని చేస్తాది. ఇవి పసివి, తట్టుకోలేవు. మేత మార్చు, మెల్లిగా మూత్రంలో పోతాది. వాపు దిగినాక బాగానే ఈనుతాయి."

రాగి పిండి, తవుడు పెట్టాం. డాక్టరు చెప్పినట్టే వాపు దిగింది. మూడూ గంతులేస్తూ తొట్టి దగ్గరికి వచ్చేవి. దేవుడు మేలు చేశాడని నేను మోకరించి లేచేసరికి, ఆయన వాటిని, తల్లి పందిని కూడా, తమక అనే ఊళ్ళో ఒకాయనకు ఇచ్చేసి వచ్చాడు.

"బాగైనాయి కదా, ఎందుకిచ్చేస్తివి?"

"వాసన లేని విషాన్ని నేనెట్ల కనిపెట్టేది మే? నా చేతిలో ఇంకొకటి చచ్చేది నాకొద్దు."

మరుసటి సోమవారం ఆయనా వాచ్‌మన్ పనికి రైలెక్కాడు. ఆ పనితోనే మా బిడ్డలు చదువుకున్నారు. అందుకు ఇప్పటికీ కృతజ్ఞత చెప్పుకుంటాను, కానీ ఆదివారం తప్ప ఆయన ముఖం పగటి వెలుతురులో చూడలేకపోయానన్న బాధ ఆ ప్రార్థనలోనే కలిసి ఉంటుంది. తమకలో ఆ మూడూ బాగా ఈనాయని తెలిసినప్పుడు, "మంచిదే" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు పని మానేసి ఇంట్లోనే ఉంటాడు. పొద్దున పాలు కాచే ముందు, తాను మూచూడకుండా గిన్నె నా ముక్కు దగ్గరికి తెస్తాడు. "నువ్వు చూడు మే, చెడినాయేమో."