పలక మీది నెమలి

మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయిన ఏడాది, వేలూరు నుంచి గుడియాత్తం వెళ్లే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చున్నారు. పక్షవాతంతో పడిపోయిన ఆయన కుడిచేతి వేళ్లకు గుడ్డపీలికతో బలపం కట్టి ఉంది. ఒళ్లో పలక.

"మా ఆయన చీర అంచులకు బొమ్మలు గీస్తా ఉండె నాయనా. దినమూ గీస్తే చెయ్యి తిరిగొస్తాదని ఆస్పత్రిలో చెప్పినారు. ఎనిమిది నెలలాయె," అందామె.

ఆయన చెమటలు కక్కుతూ ఒక బొమ్మ గీసి, పలక నావైపు తిప్పాడు. "ఏముండాది... చెప్పు నాయనా?" మాట ముద్దముద్దగా వచ్చింది.

ఒక వంకర గీత, దాని చివర చుక్క. ఆయన్ను సంతోషపెట్టాలని, "పాము! పడగతో సహా భలే గీసినారే!" అన్నాను.

"నెమలి నాయనా," అంది ఆమె మెల్లగా.

ఆయన ఎడమ అరచేత్తో పలక తుడిచేశాడు. "ఇంకో తూరి గీయండి," అని ఆమె బతిమాలింది. ఆయన పంటితో ముడి విప్పి, బలపాన్ని కిటికీలోంచి పారేశాడు.

"ఇంక చాలు మే. ఈ చెయ్యి నాది కాదు."

గుడియాత్తంలో ఆమె ఆయన్ను భుజానికి ఆనించుకుని దించింది. ఇప్పటికీ పిల్లలు బొమ్మ గీసి చూపిస్తే, అదేమిటో ముందు వాళ్లనే చెప్పమంటాను.