ఒళ్లో రెండు పలుపులు

ఆ కరువు ఏడాది కదిరి నుంచి నల్లమాడ వెళ్లే బస్సులో నా పక్కన ఒక రైతు, ఆయన కూతురు కూర్చున్నారు. ఆయన ఒళ్లో రెండు ఖాళీ పలుపుతాళ్లున్నాయి.

"సంతలో ఎద్దుల్ని అమ్మొస్తాండాం సార్. ఎద్దుతో పాటు పలుపు ఇయ్యకూడదు. ఇస్తే కొట్టంలో మల్లా పసురం నిలబడదంట," అంది కూతురు.

నేను ఇంగ్లీషు మాస్టారినని తెలిసి, ఆ అమ్మాయి తన టీచరు ఉద్యోగ పరీక్ష గైడు తెరిచింది. 'నీడ్' తర్వాత 'ఫర్' రావాలా, 'ఆఫ్' రావాలా అని అడిగింది.

'ఫర్' అన్నాను. ఉదాహరణకు నోటికొచ్చిందే చెప్పాను: "దేర్ ఈజ్ ఎ నీడ్ ఫర్ రెయిన్."

"సారు ఏమంటాండాడు పాపా?" అన్నాడు తండ్రి.

"వాన కావల్లంటాండాడు నాయనా."

ఆయన పలుపుల్ని చేతికి చుట్టుకున్నాడు.

"ఇంగ వానొస్తే మాత్రం, దేంతో దున్నల్ల సార్?"