రెండు సుడుల గుర్రం, పట్టాలు లేని కట్ట

కాలువ తవ్వే రోజుల్లో రాళ్ళు మోయడానికి, కోస్తా నుంచి వలసొచ్చిన రైతులం కట్టుకున్న మా క్యాంపు పక్కగా చిన్న రైలు పట్టాలు వేశారు. నీళ్ళొచ్చాక పట్టాలు పీక్కుపోయారు. కింది చెక్కలు ఎవరి పొయ్యిల్లో కాలాయో అడగకూడదు. చివరికి కంకర కట్ట మిగిలింది. వాన పడితే నల్లరేగడిలో ఎడ్లబండి ఇరుసుదాకా దిగిపోయేది. ఆ కట్ట మీద మాత్రం నా గుర్రం గాలిలా పోయేది.

దాన్ని గిల్లేసూగూరులో టాంగా బండి తోలే అతని దగ్గర కొన్నాను. నుదుటి మీద రెండు సుడులున్నాయని ఎవరూ ముట్టలేదు.

"ముందుగాల్నే చెప్తున్న సారూ. గిట్ల రెండు సుడులుంటే సవారీ చేసెటోని ఇల్లు బర్బాదైతదంటరు. మల్ల నన్ననొద్దు."

వంగి నా నడినెత్తి చూపించాను. అక్కడా రెండే.

"అయ్యో, జోడీ మస్తు కుదిరింది! తీస్కపో!"

కుదరనిది నా పెళ్ళి. పక్క క్యాంపు అమ్మాయీ నేనూ ఇష్టపడ్డాం. ఆమె తల్లిదండ్రులు సరేనన్నారు. ఆమె నాయనమ్మ అడ్డుపడింది. తలలో రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళట, అంటే మొదటి పెళ్ళాం బతకదట. పెళ్ళాం చస్తే మగవాడికి రెండో పెళ్ళి యోగం, మొగుడు చస్తే ఆడదానికి పాపఫలం, ఇదేనా మీ శాస్త్రం అని వాళ్ళ అరుగు మీద కూర్చుని నిప్పులు కక్కాను. పురోహితుడు వద్దు, రిజిస్ట్రారు ఆఫీసు చాలని కూడా అన్నాను. ఆవిడ వక్క కత్తిరిస్తూ అంతా వింది.

"బాగా మాట్లాడావు అబ్బాయ్. సుడులు మాత్రం అక్కడే ఉన్నాయి."

మర్నాడు కట్ట మీద వస్తుంటే ఆ అమ్మాయి దారికడ్డంగా నిలబడింది. కింద మడిలో నాయనమ్మ నాట్లు వేయిస్తోంది.

"దిగండి. మీ ఉపన్యాసంతో పనవలేదు. నేనెక్కుతాను."

"ఎప్పుడైనా ఎక్కావా?"

"గేదెనెక్కాను."

నేను నవ్వేలోగా కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కేసింది. గుర్రం ఒక్క గెంతున లేచింది. కంకర చిమ్మింది. నాట్లేసేవాళ్ళంతా ఈలలు, కేకలు. నేను వెనక పరుగు. చెప్పు ఒకటి ఊడిపోయింది. భయపడాల్సిన చోట నవ్వు ఆగలేదు. మలుపు దాకా పోయి తిరిగొస్తూ అరుస్తోంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది!

"దీన్ని ఆపడమెలా?" అని అడుగుతూనే నన్ను దాటిపోయింది.

"కళ్ళెం లాగు!"

నాయనమ్మ బురదకాళ్ళతో కట్టెక్కింది. గుర్రం సరిగ్గా ఆవిడ ముందు ఆగింది.

"పడి చస్తావే, ముదనష్టపుదానా!"

"చావలేదుగా నాయనమ్మా. రెండు సుడుల గుర్రమెక్కి వచ్చాను. ఈయన్నీ చేసుకుంటాను."

మోకాళ్ళ మీద చేతులానించి రొప్పుతున్నాను. నాయనమ్మ గుర్రం నుదురు చూసింది, నా నడినెత్తి చూసింది.

"రెండు పెళ్ళిళ్ళేగా రాసుంది. రెండూ దీన్నే చేసుకో. ఒకటి నువ్వు చెప్పే ఆఫీసులో, ఒకటి మా ఇంట్లో పీటల మీద."

అది తర్కం కాదని చెప్పబోయాను. ఊపిరి అందలేదు.

"సరేనంటున్నారు నాయనమ్మా," అంది గుర్రం మీది నుంచి ఆ అమ్మాయి.