మక్‌రె మోసుకొచ్చిన పూజ

మొగుడు పోయాక మక్‌రె, అతను బరువులు మోసే చెక్క చట్టాన్ని తన వీపున తగిలించుకుంది. ఆడవాళ్లు నెత్తిన మోయాలి గానీ ఇదేం చోద్యమని జొమ్మల్ ఊరి కుమ్మరులు నవ్వారు. నవ్వనీ అనుకుంది. ఆరు జాడీలు కట్టుకుని కనుమ దాటి సంతకు పోయేది, అమ్ముకుని ఖాళీ చట్టంతో తిరిగొచ్చేది.

బరువు ఆమెకొక లెక్క కాదు. పెళ్లప్పుడు జ్ఞానస్నానం పొందింది, పదకొండేళ్లు గడిచినా పూజలో ఇచ్చే అప్పం, ఆ దివ్యసత్ప్రసాదం మాత్రం ఆమె నోట పడలేదు. అదీ ఆమె దిగులు. ఆ కొండల్లోకి ఫాదరుగారు ఏడాదికి రెండుసార్లే వస్తారు. పూజకు ముందురోజు ఒక్కొక్కరినీ జ్ఞానోపదేశం ప్రశ్నలు అడుగుతారు. జవాబు చెప్పినవాళ్లకే మర్నాడు ప్రసాదం. అక్షరం ముక్క రాని మక్‌రె పక్కవాళ్ల నోట విని, దారిపొడవునా గొణుక్కుంటూ అన్నీ నేర్చుకుంది. తీరా ఆయన ముందు మోకరిల్లగానే నాలుక పిడచకట్టుకుపోయేది.

“సంతలో బేరానికి లేస్తుంది నోరు. ఫాదరు ముందు మాత్రం మూతేసిన జాడీ!” అని ఆడపడుచు ఒక్‌చొమ్ దెప్పేది.

ఆ ఏడు క్రిస్మసు ముందు, సంతనుంచి వస్తుంటే కనుమ మీద మంచులో కొత్త ఫాదరు మిన్ కూలబడి కనిపించారు. కుర్రవయసు, బక్కపలచని మనిషి. చీలమండ బెణికి ఇంత లావున వాచింది. పూజ సామాను సంచిని గుండెలకు హత్తుకుని ఉన్నారు.

“ఊళ్లోకెళ్లి ఎవరినైనా పంపించమ్మా.”

“వాళ్లొచ్చేలోపు మీరు గడ్డకట్టుకుపోతారు. ఎక్కండి.”

“దేని మీద?”

“జాడీలు కూర్చునే చోటే. ఆరు జాడీలకంటే బరువా మీరు?”

సిగ్గుపడుతూనే ఎక్కారాయన. కర్ర పోటు వేసుకుంటూ ఆమె దిగుడు దారి పట్టింది. కాసేపటికి వీపుమీద నుంచి ఆయన అడిగారు.

“నీ పరీక్ష ఇక్కడే కానిచ్చేద్దామా? అప్పం రూపంలో ఉన్నదెవరు?”

అడుగుతోపాటే మాటా పడింది. “ఏసు ప్రభువే ఫాదరుగారూ. ఆయన శరీరం, రక్తం, ఆత్మ, దైవత్వం, అన్నీ.”

“విరిస్తే ప్రభువు విరుగుతాడా?”

“విరగడు. ఎంత చిన్న ముక్కలోనైనా ఆయన మొత్తంగా ఉంటాడు.”

“మనకెందుకు ఇచ్చుకున్నాడు తనను?”

“మనల్ని తనతో ఒకటి చేసుకుందామని.”

మక్‌రె తన మాటలకు తానే నిర్ఘాంతపోయింది. వీపున బరువుతో, ఈ దారినే నేర్చుకున్న మాటలవి. ఇప్పుడు ఒక్కటీ తప్పిపోవడం లేదు. “ఇంకా అడగండి!” అంది రొప్పుతూ. ఊరి కుండల బట్టీల పొగ కనబడేసరికి ఆయన దగ్గరే ప్రశ్నలు అయిపోయాయి.

ఊరంతా బయటికొచ్చింది. “అయ్యయ్యో వదినా, ఫాదరుగారిని వీపున మోసుకొచ్చావేంటి!” అని ఒక్‌చొమ్ నోరు నొక్కుకుంది.

“ఎక్కడా పగల్లేదు, చూసుకో,” అంది మక్‌రె.

“ఈమె పరీక్ష పూర్తయింది. ఒక్క మాట తప్పలేదు,” అని ఫాదరు అందరూ వినేలా చెప్పారు.

మర్నాడు పొద్దున ఆయన బల్ల పట్టుకుని, ఒంటికాలి మీద పూజ చేశారు. పదకొండేళ్లు గోడవారన కూర్చుని అందరి వీపులూ చూసిన మనిషి తెల్ల ముసుగుతో ముందుకు నడిచింది. అప్పం నాలుకమీద పల్చగా కరిగింది. ఆమె ఏడవలేదు. కీర్తన అందుకుని, శ్రుతి తప్పినా లెక్కచేయకుండా పైకప్పు ఎగిరిపోయేలా పాడింది.

ప్రసాదం కోసం రాత్రి నుంచి ఉన్న ఉపవాసం విడిచి అంతా ముల్లంగి చారన్నానికి కూర్చున్నారు. మక్‌రె మూడో గిన్నె చాపింది.

“ఏంటి వదినా, ఇంత ఆకలి!” అని ఒక్‌చొమ్ నవ్వింది.

“పదకొండేళ్లది మరి. పోయ్, నిండా పోయ్!”