మూడురంగుల పిల్లి, ఎర్ర కూన

నా చిన్నప్పుడు మార్కాపురంలో మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. డిగ్రీలో జువాలజీ చదివి, కొమరోలు నుంచి కోడలిగా వచ్చింది. అక్కా, ఆమె భర్తా ఇద్దరూ బాగా నలుపు. వాళ్లకు పుట్టిన పాప మాత్రం దబ్బపండులా ఎర్రగా ఉండేది. మనిషి తెల్లటి చాయనైనా, పిల్లి నారింజరంగు బొచ్చునైనా మేం ఎరుపనే అనేవాళ్లం.

ఆ ఏడే మా వసారాలో మూడురంగుల పిల్లి పిల్లల్ని పెట్టింది. ఒకటి నల్లది, ఒకటి తల్లిలాగే మూడురంగులది, ఒకటి ఎర్రటి మగకూన. మా వీధిలో తిరిగే గండుపిల్లి ఒక్కటే, అదేమో కాటుక నలుపు. బోరింగు దగ్గర ఆడవాళ్లు ఆ ఎర్రది ఎవరికి పుట్టిందోనని నవ్వుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి అక్క పాప గురించి కూడా అదే మాట అన్నారు. తొమ్మిదేళ్లదాన్ని, ఆ మాటలో ఏముందో నాకు తెలియదని చెప్పుకోవాలని ఉంటుంది. కొంత తెలుసు. గొంతు తగ్గించి అన్న మాటకు రుచి ఎక్కువని తెలుసు.

సాయంత్రం కూనల్ని గంపలో పెట్టుకుని అక్కకు చూపించడానికి పోయాను. అక్క పాపకు పాలిస్తోంది. వాళ్లత్త పక్కనే కూర్చుని కందులు చెరుగుతోంది.

"అక్కా, ఈ ఎర్రది ఎవురికి పుట్టిందో తెలీదంట. మీ పాప గూడా అంతేనంట గదా?" అన్నాను.

చేట ఆగిపోయింది. అక్క కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. పాపను భుజాన వేసుకుని, గూట్లోంచి అంచు విరిగిన పలక తీసి, బలపంతో పిల్లుల్ని గీసింది.

"ఇట్ల చూడు. పిల్లుల్లో మగకూన ఎరుపా నలుపా అనేది తల్లి కాడి నుంచే వస్తాది. నాయన ఏ రంగైనా దానికి పనిలేదు. మన పిల్లిలో ఎరుపూ ఉంది, నలుపూ ఉంది, అందుకే అట్ల మచ్చలు. కొడుక్కి ఆ రెండిట్లో ఒకటే ఇస్తాది. వీడికి ఎరుపు ఇచ్చినాది. వీని నాయన ఆ నల్లోడే గావచ్చు."

మనుషుల్లో ఇంత సూటిగా ఉండదని, చాయ వెనక చాలా కలిసి ఉంటాయని, ముత్తవ్వల చాయ నడుమ ఎక్కడా కనపడకుండా దాగి మునిమనవరాళ్లలో బయటపడవచ్చని కూడా చెప్పింది. చూపు నామీదే ఉంది గానీ, గొంతు నాకు అవసరమైనదానికంటే పెద్దగా ఉంది. వాళ్లత్త తల ఎత్తకుండానే, "మా అత్త గూడా ఎర్రగుండేదిలే" అంది. చేట మళ్లీ కదిలింది. అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆ పాఠం నాకోసం కాదని అర్థం కావడానికి నేనూ ఒక ఇంటికి కోడలిగా పోవాల్సి వచ్చింది. అంత చదువుకున్న మనిషి, తన బిడ్డ తన మొగుడి బిడ్డేనని అత్త ముందు పిల్లుల్ని అడ్డం పెట్టుకుని చెప్పుకుంది. ఆ గతి ఆమెకు నా నోటివల్ల పట్టింది. బోరింగు దగ్గరి మాటను ఆ గడప దాటించింది నేనే. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుతో తల ఎత్తలేను.

నా పెళ్లయ్యాక ఒకసారి గిద్దలూరు బస్టాండులో అక్క కనిపించింది. "ఏంది పాపా, బాగుండావా?" అని నవ్వింది. తప్పయిపోయిందక్కా అనే మాట నోటిదాకా వచ్చింది. బస్సు కదులుతోందని అబద్ధం చెప్పి ఎక్కేశాను. ఆ బస్సు అరగంటదాకా కదల్లేదు. నేను కిటికీ వైపు తల తిప్పలేదు.

అప్పటినుంచి ఏ పసిబిడ్డనూ చూసి ఎవరి పోలికని ఈ నోటితో అనలేదు. మొన్న మా చిన్నబ్బాయికి కూతురు పుడితే, ఊయల చుట్టూ చేరినవాళ్లంతా పెద్దదాన్ని గదా అని ఎవరి పోలికో నన్నే అడిగారు. "పాలు బాగా తాగుతాందా?" అన్నాను. నాకు వినపడలేదనుకుని మా వియ్యపురాలు ఇంకోసారి గట్టిగా అడిగింది. నేను చెవిటిదానిలాగే ఉండిపోయాను.