మేనమామ ఒడి

నా భార్య తన అన్న మాటెత్తితే నేను ఏదో పని ఉన్నట్టు లేచి వీధిలోకి పోతాను. ఆయనంటే నాకు గిట్టదని ఆమె అనుకుంటుంది. అనుకోనిచ్చాను. ఆ మాటలు వింటూ కూర్చునే శక్తి నాకు లేదు. ఇన్నేళ్లుగా మోస్తున్నదాన్ని మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

యాభైల చివర మేము మలయాలో, పెనాంగులో ఉండేవాళ్లం. నాది ఒక తమిళ పత్రికలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. ఒకటే గది, వెనక వంటకు రేకుల పంచ. పెద్దవాడికి నాలుగేళ్లు, చిన్నది చంటిపిల్ల. బిడ్డకు పుట్టువెంట్రుకలు ఇలవేలుపు గుడిలో, మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయాలి. మావాళ్ల ఆచారం అది. ఇలవేలుపు ఉన్నది మన దేశంలో, కృష్ణగిరి అవతల కల్లావి పక్కన. మేనమామ ఉన్నదీ కల్లావిలోనే. మేము సముద్రానికి ఈవల. కాబట్టి వాడి జుట్టు పెరుగుతూనే ఉంది.

రోజూ పొద్దున నా భార్య వాడికి రెండు జడలు వేసి రిబ్బను కట్టేది. పక్కింటి చైనా ముసలమ్మ వాణ్ని ఆడపిల్ల అనేది. వాడు వచ్చీరాని మలాయిలో ఆమెతో కొట్లాడి, ఏడుస్తూ ఇంటికి వచ్చేవాడు. మామ ఒడిలో కూర్చుంటే జడలు పోతాయని తల్లి ఊరడించేది. ఆమెను పెంచింది ఆ అన్నే. గొర్రెలు కాసుకునే మనిషి. చిన్నప్పుడు ఆయన ఒడిలో తానూ ఒక గొర్రెపిల్లా కలిసి నిద్రపోయేవాళ్లమని చెప్పేది. చూడని ఆ మనిషి మీద వాడు ప్రాణం పెట్టుకున్నాడు. అన్నం తింటూ మామ. నీళ్లు పోసుకుంటూ మామ. ఒకరోజు ఆఫీసు నుంచి రాగానే నా మీదికెక్కి కూర్చుని, నీ ఒడి చిన్నది నాన్నా అన్నాడు. నవ్వాను. నవ్వాననే గుర్తు.

చంటిపిల్లతో ఆమెకు ఓడ ప్రయాణం వద్దన్నారు. సెలవు పెట్టి వాణ్ని నేనే తీసుకొచ్చాను. హోసూరు పక్కన మత్తిగిరిలో మా అక్క ఇంట్లో దిగాం. కల్లావికి పోవలసిన రోజు హోసూరు బస్టాండుకు వచ్చి కృష్ణగిరి బస్సు కోసం నిలబడ్డాం. ఎండ. బస్సు రాలేదు. మామ, మామ అని వాడి గొడవ. ఎదురుగా సెలూను.

ఎందుకు లోపలికి పోయాను? ఎండకా? ఆచారాల మీద నమ్మకం లేకనా? నమ్మకం లేనివాడు బస్సుకు నిలబడడం దేనికి? ఒక ఒడి మీద అసూయా? ఏ కారణం రాసినా, రాసేలోగానే అబద్ధంలా కనిపిస్తుంది. అన్నీ కొంచెం కొంచెం నిజమేనేమో. నాకే తెలీదు.

సెలూనాయన జుట్టు చూసి కత్తి పక్కన పెట్టాడు. మేనమామ లేకుండా పుట్టువెంట్రుకల మీద చేయి వేయనన్నాడు. బెంచీ మీద గొంగడి కప్పుకుని కెలవరపల్లి పశువుల కాపరి ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఈయనే మేనమామ అనేశాను. ఆయన నా ముఖం చూసి నవ్వి, గొంగడి సర్దుకుని ఒడి చాపాడు. నా కొడుకు మామా అంటూ ఎక్కి కూర్చున్నాడు.

ఇంతవరకే అయితే చిన్న తప్పు.

బస్సెక్కకుండా వాణ్ని మా అక్క ఇంటికే తిరిగి తీసుకొచ్చాను. చెప్పిన రోజుకు మేము రాలేదని, మరుసటి దినం అసలు మేనమామే వెతుక్కుంటూ మత్తిగిరికి వచ్చాడు. చంకలో కొత్త చొక్కా, భుజాన గొర్రెపిల్ల.

"కండక్టరు దీనికీ టికెట్టు కొట్టినాడు బావా! నా అల్లునికి జతగాడు ఇది అంటే ఇన్లేదు" అని నవ్వుతూ గడప దాకా వచ్చి, గుండు చూశాడు.

"ఇదేంది బావా?"

"హోసూర్లోనే అయిపోయింది."

"ఎవురి ఒడిలో?"

బుద్ధి గడ్డి తినింది బావా అంటే సరిపోయేది. నాలుగు తిట్టి, మాతోపాటు అన్నం తినేవాడు. నేను అన్నది ఇది:

"నీ చెల్లెలే చెప్పింది. అన్నకోసరం కాచుకోవద్దు, యాడో ఒకాడ ముగించెయ్ అనింది."

"నా చెల్లెలా?"

"అవును."

"ఆ నోటితోనే అనిందా?"

"అనింది."

ఆయన గొర్రెపిల్ల చెవిని నిమిరాడు. "సరేలేప్పా. సముద్రం దాటినోళ్లకి మేం గుర్తుండాలంటే యాడ అయితుంది" అన్నాడు. బావా అనలేదు. చొక్కా గడప మీద పెట్టి, గుండు మీద ఒకసారి అరచెయ్యి ఆనించి, మంచినీళ్లయినా ముట్టకుండా గొర్రెపిల్లతో వెళ్లిపోయాడు. ఎవరు నాన్నా అని వాడు అడిగాడు. ఊరాయన అన్నాను.

తిరిగి పోయాక పెనాంగులో నా భార్య నన్ను ఎదురుగా కూర్చోబెట్టి అంతా అడిగింది. అన్న ఎట్లా కూర్చున్నాడు, ఏమన్నాడు అని. కాపరి గొంగడిని, కాపరి నవ్వును ఆమె అన్నకు తగిలించి చెప్పాను. మామ గొంగడి గుచ్చుకుందమ్మా అని కొడుకు సాక్ష్యం పలికాడు. సంతోషంతో ఏడ్చింది.

ఆ తర్వాత అన్న నుంచి కబురు లేదు. ఆమె ఎన్నిసార్లు చెప్పి పంపినా పలకలేదు. అరవైల నడుమ మేము పూర్తిగా తిరిగి వచ్చేసరికి ఆయన పోయాడు.

ఇప్పటికీ ఆమె రెండు మాటలంటుంది. నా బిడ్డను ఒక్కసారైనా ఒడిలో పెట్టుకున్నాడు, అది చాలు అంటుంది. కాసేపటికి, నేనేం చేసినానని నన్ను ఇడిచిపెట్టినాడు అంటుంది. నిజం చెబితే రెండో దానికి జవాబు దొరుకుతుంది, మొదటిది ఊడిపోతుంది. నా కొడుకు తన బిడ్డలకు చెప్పుకునే మామ కూడా పోతాడు. ఏది ఉంచాలి? ఏది తీసుకోవాలి? లేక ఆమెను కాపాడుతున్నానంటూ నన్నే కాపాడుకుంటున్నానా? తెలియడం లేదు.

తెలిసింది ఒక్కటే. ఆమె ఆ మాట అనలేదు. నేను కల్పించి అన్నాను, ఆయన అది నమ్ముతూనే చచ్చిపోయాడు. ఇన్నేళ్లలో ఇది మొదటిసారి కాగితం మీద పెట్టడం. పెట్టాక ఊపిరి కాస్త లోతుగా పోతోంది. అంతకుమించి అడగను.